సముద్రం మీద తేలే మంచినీరు

పటంలో మన దేశం కొస దాటి నైరుతిగా చూపు సాగిస్తే, హిందూ మహాసముద్రంలో ఉత్తరం నుంచి దక్షిణానికి ఎవరో ఆవాలు చల్లినట్లు కొన్ని చుక్కలు కనిపిస్తాయి. చిన్న పటాల్లో ఆ చుక్కలు కూడా ఉండవు. నీలిరంగు మీద "మాల్దీవులు" అన్న పేరు మాత్రం ఉంటుంది. ఆ పేరు కింద 1,192 దీవులున్నాయి. ఊళ్ళున్న దీవులు మాత్రం రెండు వందల లోపే. ఈ చివరి దీవి నుంచి ఆ చివరి దీవికి 860 కిలోమీటర్లకు పైగా దూరం. అంటే మన ఆంధ్ర తీరం పొడవుకు కొంచెం తక్కువ. ఇక నేల సంగతి చూస్తే, దీవులన్నిటినీ ఒకచోట పోగుచేసినా సుమారు 300 చదరపు కిలోమీటర్లే. హైదరాబాదు నగరంలో సగం కూడా రాదు.

2024 మే నెలలో, వేసవి సెలవుల్లో, పది రోజులు ఆ దేశం చూసి వచ్చాను. నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు అక్కడ ఒక దీవిలోని బడిలో లెక్కలు చెబుతున్నాడు. మన దేశం నుంచి అలా వెళ్ళి పాఠాలు చెప్పేవాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు. "మాష్టారూ, ఒక్కసారి రండి. మీరు చెప్పిన సాంద్రత పాఠం మా ఇంటి బావిలో చూపిస్తాను" అని వాడు మూడేళ్ళుగా పోరుతున్నాడు. సైన్సు చెప్పేవాడికి ఇంతకన్నా ఆహ్వానం ఏం కావాలి?

తిరువనంతపురంలో విమానం ఎక్కితే గంటన్నర లోపు ప్రయాణం. దిగేముందు కిటికీలోంచి చూశాను. నీలి మఖమలు గుడ్డ మీద పచ్చటి ఉంగరాలు పరచినట్లుంది. ఉంగరం లోపల నీరు లేత ఆకుపచ్చ, బయట చిక్కటి నీలం. ఆ రెండు రంగుల మధ్య అంచు కత్తితో కోసినట్లు స్పష్టంగా ఉంది. లోపల లోతు తక్కువ. బయట సముద్రం ఒక్కసారిగా వందల మీటర్ల లోతుకు దిగిపోతుంది. ఇలా ఉంగరం ఆకారంలో ఉండే పగడపు దిబ్బను ప్రపంచమంతా "అటాల్" అంటుంది. ఆ మాట ఈ దేశం వాళ్ళదే. వాళ్ళ భాష దివేహిలో "అతొళు" అన్న మాటే ఇంగ్లీషు పుస్తకాల్లోకి ఎక్కి, అక్కడినుంచి మన పాఠాల్లోకి వచ్చింది.

విమానాశ్రయమే ఒక దీవి. గుమ్మం దాటి బయటికి వస్తే మన ఊళ్ళలో బస్టాండు ఉండేచోట పడవల రేవు ఉంది. గడియారం అరగంట వెనక్కి తిప్పుకున్నాను.

రాయి లేని దేశం

రాజధాని మాలె. విమానాశ్రయం నుంచి 2018లో కట్టిన వంతెన మీద బస్సులో వెళ్ళవచ్చు. దీవుల దేశమంటే కొబ్బరిచెట్లు, నిశ్శబ్దం అని ఊహించుకున్నానేమో, మాలెలో అడుగుపెట్టగానే నాకు కాకినాడ మెయిన్ రోడ్డు సంక్రాంతి ముందురోజు గుర్తుకొచ్చింది. రెండు చదరపు కిలోమీటర్ల దీవి, అంచుదాకా మేడలు, ఇరుకు వీధుల్లో బారులుతీరిన మోటారు సైకిళ్ళు. 2022 జనాభా లెక్కల్లో దేశం మొత్తం జనం సుమారు 5 లక్షల 15 వేలు. అందులో నూటికి నలభైమంది మాలెలోనూ, దాన్ని ఆనుకున్న దీవుల్లోనూ ఉంటున్నారు. కాకులు మనవే అన్నంత చనువుగా అరుస్తున్నాయి. కుక్క మాత్రం ఒక్కటీ కనిపించలేదు. ఆ దేశంలో కుక్కలను పెంచుకోవడం నిషేధమట.

వీధి పేర్ల బోర్డులు చూసి కాసేపు నిలబడిపోయాను. వాళ్ళ లిపి పేరు తాన. కుడి నుంచి ఎడమకు రాస్తారు. అందులోని మొదటి తొమ్మిది అక్షరాలు అరబ్బీ అంకెలు ఒకటి నుంచి తొమ్మిది వరకు ఉన్నవే! తరువాతి తొమ్మిది వాళ్ళ పాత అంకెల నుంచి వచ్చినవి. అంకెలతో అక్షరమాల కట్టుకున్నవాళ్ళను మరెక్కడా నేను వినలేదు. అచ్చుల గుర్తులు మన గుణింతాల్లా అక్షరం పైనా కిందా పెడతారు. భాష సింహళానికి దగ్గరి చుట్టం. మన "ప"కారం వాళ్ళ నోట చాలాచోట్ల "ఫ" అయింది. "పానీ" అక్కడ "ఫెన్". చేపను "మస్" అంటారు. మత్స్యం కనిపిస్తూనే ఉంది కదా. పడవను "దోని" అంటారు. మన "దోనె"కు అర్థం చెప్పనక్కర్లేదు.

ఏ ఊరు వెళ్ళినా అక్కడి రాయి ఒకటి తెచ్చి మా బడి ప్రయోగశాలలో పెట్టడం నాకు అలవాటు. మాలెలో రాయి కోసం వెతికాను. రేవుకట్ట దగ్గర, చెట్ల మొదళ్ళలో, ఎక్కడ చూసినా తెల్లటి పగడపు ముక్కలే. నల్లరాయి లేదు, ఎర్రమట్టి లేదు, కొండ లేదు, నది లేదు. కట్టడాలకు కంకర కూడా ఓడల్లో వస్తుంది. 1658లో కట్టిన పాత శుక్రవారపు మసీదు గోడలు చూడండి. అది మొత్తం పగడపు రాతితో, ముక్కకు ముక్క అతికేలా చెక్కి కట్టింది. వేలితో తడిమితే తేనెపట్టు గదుల్లాంటి చిన్నచిన్న గుంటలు తగులుతాయి. ఒక్కో గుంట ఒకప్పుడు ఒక జీవి ఇల్లు.

సాయంత్రం శిష్యుడి వంటింట్లో ఒక పగడపు ముక్క మీద వెనిగర్ చుక్కలు వేశాం. బుసబుసమని నురగ వచ్చింది. ఏ వాయువో మీకు తెలుసు. సుద్దముక్క మీద వేసినా, గుడ్డుపెంకు మీద వేసినా ఇదే జరుగుతుంది. ఈ దేశపు నేల మొత్తం కాల్షియం కార్బొనేటు!

మన నల్లరాతికి తోబుట్టువు

అయితే అంత లోతు సముద్రం నడుమ పగడాల దిబ్బ దేని మీద నిలబడింది? పగడపు జీవులు వెలుతురున్న లోతులోనే పెరుగుతాయి. కిలోమీటర్ల లోతున చీకట్లో పెరగవు.

దీనికి సమాధానం మొదట ఊహించినవాడు చార్లెస్ డార్విన్. ఆయన మాల్దీవులు చూడలేదు. 1836లో హిందూ మహాసముద్రంలోనే ఉన్న కోకస్ దీవులు చూశాడు. 1842లో పగడపు దిబ్బల మీద పుస్తకం అచ్చువేశాడు. ఆయన చెప్పింది ఇది. మొదట సముద్రంలో అగ్నిపర్వతం లేస్తుంది. దాని చుట్టూ తీరం వెంట పగడాలు పెరుగుతాయి. కాలక్రమాన పర్వతం నెమ్మదిగా కుంగిపోతుంది. పగడాలు మాత్రం కుంగిన మేర పైకి కట్టుకుంటూ పోతాయి. చివరికి పర్వతం కనుమరుగై, దాని మొలకు కట్టిన వడ్డాణంలాంటి ఉంగరం నీటి మట్టాన మిగులుతుంది. ఊహ నిజమని తేలడానికి నూటపదేళ్ళు పట్టింది. 1952లో పసిఫిక్ మహాసముద్రంలోని ఎనివెటాక్ అటాల్ మీద బోరు దింపితే, సుమారు 1,400 మీటర్ల సున్నపురాయి దాటాక అగ్నిపర్వత శిల తగిలింది. మాల్దీవుల్లో చమురు కోసం వేసిన బావిలో ఆ శిల రెండు కిలోమీటర్లకు పైగా లోతున దొరికింది.

ఆ శిల ఎక్కడిదో తెలిస్తే మీరు ఆశ్చర్యపోతారు. దక్కను పీఠభూమి మీద సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం శిలాద్రవం వరదలా పొంగి పరచుకుంది. ఆదిలాబాదులో, వికారాబాదు గుట్టల్లో మీరు చూసే నల్లరాయి అదే. రాజమండ్రి దగ్గర కాటేరు, పంగిడి క్వారీల్లోని నల్లరాయి కూడా ఆ కుటుంబానిదే. ఆ శిలాద్రవాన్ని పైకి పంపిన వేడిచోటు భూమి లోపల ఉంది. దాని మీదుగా మన దేశాన్ని మోస్తున్న భూఫలకం ఉత్తరానికి జరుగుతూ వచ్చింది. కాటుక పట్టేటప్పుడు దీపం మీద రేకు పెడతారు కదా, ఆ రేకును మెల్లగా జరుపుతూ పోతే మసి చుక్కగా కాక చారగా పడుతుంది. దక్కను తరువాత అలా పడిన చారే లక్షదీవులు, మాల్దీవుల కింద ఉన్న అగ్నిపర్వతాల వరుస. మాల్దీవుల కింది శిల వయస్సు 5 కోట్ల 70 లక్షల సంవత్సరాలకు దగ్గర. ఆ దీపం ఇప్పుడు మడగాస్కరుకు తూర్పున రీయూనియన్ దీవి కింద ఉంది. అక్కడ అగ్నిపర్వతం ఇంకా మండుతూనే ఉంది. కనుక మన వికారాబాదు గుట్టా, ఈ దీవుల పునాదీ ఒకే పొయ్యి మీద వండినవి.

పునాది సరే, మనం నడిచే ఇసుక ఎవరు చేస్తున్నారు? ఇదీ జీవుల పనే. చిలుక ముక్కులాంటి పళ్ళున్న చేప ఒకటుంది, చిలుక చేప అంటారు. అది చచ్చిన పగడపు రాతిని కొరికి, దానిమీది నాచు తిని, పొడి అయిన రాతిని విసర్జిస్తుంది. నీళ్ళలో తల ముంచితే అవి రాళ్ళు కొరుకుతున్న చప్పుడు కరకరమని వినిపిస్తుంది! వక్కారు అనే దీవి చుట్టూ శాస్త్రవేత్తలు లెక్కవేసి 2015లో ప్రకటించారు: అక్కడి దిబ్బ మీద ఏటా తయారయ్యే ఇసుకలో నూటికి 85 పాళ్ళకు పైగా చిలుక చేపలు చేసిందే. పర్యాటకులు కాళ్ళు చాపుకుని పడుకునే తెల్లటి ఇసుక ఏమిటో వాళ్ళకు చెప్పే మార్గదర్శి నాకు కనిపించలేదు. పాపం, చెబితే వ్యాపారం పోతుందని కాబోలు.

బావి

శిష్యుడున్న దీవికి మాలె నుంచి మరపడవలో రెండు గంటలు. దాని పేరు చెప్పినా మీ పటంలో దొరకదు. పొడవు కిలోమీటరు లోపు, వెడల్పు అందులో మూడో వంతు. ఏ వీధిలో నిలబడినా రెండు చివరలా సముద్రం కనిపిస్తుంది. నేను నిటారుగా నిలబడితే నా తలే ఆ దీవిలో చాలా చోట్లకన్నా ఎత్తు. దేశం మొత్తం మీద సగటు ఎత్తు సముద్రమట్టానికి సుమారు ఒకటిన్నర మీటర్లు మాత్రమే.

మర్నాడు పొద్దున్న కొబ్బరి తురుము, ట్యూనా చేప, ఉల్లిపాయ, మిరపకాయ కలిపి పిసికిన "మస్ హుని", దానితో "రోషి" అనే రొట్టె పెట్టారు. చేపా కొబ్బరీ వాళ్ళవి. ఉల్లిపాయలు, బియ్యం, గుడ్లు చాలావరకు మన దేశం నుంచి వెళ్ళినవి. ట్యూనాను వాళ్ళు వలవేసి పట్టరు. చిన్న చేపలను బతికుండగానే నీళ్ళలోకి చల్లి, ట్యూనాలు ముసురుకోగానే గెడకర్రకు కట్టిన గాలంతో ఒక్కొక్కదాన్నే పడవలోకి విసురుతారు. నిమిషానికి ఎన్ని పడుతున్నాయో నేను లెక్కపెట్టలేకపోయాను.

తిన్నాక, "ఇక పదండి మాష్టారూ" అని పెరట్లోకి తీసుకెళ్ళాడు. రెండడుగుల వెడల్పు బావి. మొల లోతున నీరు. గిలక లేదు, చేద లేదు. పొడవాటి కర్రకు చిన్న డబ్బా కట్టి దానితోనే ముంచుతారు. నాలుక మీద వేసుకున్నాను. మంచినీరే! కొంచెం జిగటు రుచి తప్ప ఉప్పు లేదు. అరవై అడుగుల దూరంలో సముద్రం.

"ఏమోయ్, ఇది ఎక్కడినుంచి వచ్చింది?" అని పాఠంలో అడిగినట్లే అడిగాను. వాడు ఆకాశం చూపించాడు.

నిజమే. నది లేని దేశంలో మరో దారి లేదు. వాన పడుతుంది, మాలెలో ఏటా సుమారు 1,900 మిల్లీమీటర్లు. ఇసుక నేల గనుక చుక్కా పారిపోకుండా లోపలికి ఇంకుతుంది. కాని కింద ఇసుకంతా సముద్రపు నీటితో నిండి ఉంది కదా, ఈ నీరు అందులో కలిసిపోదా? ఇక్కడే సాంద్రత పాఠం అక్కరకొస్తుంది. మంచినీటి సాంద్రత 1.000 అనుకుంటే సముద్రపు నీటిది 1.025. ఇసుక రేణువుల సందుల్లో నీరు చిలకబడదు, కనుక కలవడం చాలా నెమ్మది. తేలికైన మంచినీరు బరువైన ఉప్పునీటి మీద తేలుతుంది. ఎలా తేలుతుంది? నీళ్ళలో మంచుగడ్డ తేలినట్లు. కొంచెం పైన, చాలా భాగం కింద.

లెక్క చేద్దాం. 40 మీటర్ల సముద్రపు నీటి స్తంభం తీసుకోండి. 40ని 1.025తో గుణిస్తే 41. అంటే 40 మీటర్ల ఉప్పునీరు 41 మీటర్ల మంచినీటితో సరితూగుతుంది. కనుక దీవి కింద మంచినీటి మట్టం సముద్రమట్టం కన్నా ఒక మీటరు ఎత్తున ఉంటే, ఆ మంచినీరు సముద్రమట్టానికి 40 మీటర్ల కింది దాకా ఉంటుంది. ఒకటికి నలభై! డచ్చి ఇంజనీరు గైబెన్, జర్మనీకి చెందిన హెర్జ్‌బర్గ్ ఎవరికివారు కనిపెట్టిన సూత్రం ఇది. నీటి ఆకారం నడుమ లావుగా, అంచుల దగ్గర పలచగా కుంభాకార కటకంలా ఉంటుంది.

చిన్న దీవిలో నీటి మట్టం సముద్రానికి మీటరు ఎత్తు లేవదు, అంచులనుంచి కారిపోతుంది. జానెడు లేస్తే గొప్ప. జానెడు అంటే పుస్తకం ప్రకారం తొమ్మిది మీటర్ల మంచినీరు. అడుగున ఉప్పూ తీపీ కలిసిన పొర ఉంటుంది గనుక అసలు మంచినీరు అంతకన్నా తక్కువ. ఊరు ఊరంతా బతికేది ఈ కటకం మీదే.

బావిలోకి దారం వేలాడదీసి, నీరు తాకినచోట ముడివేశాను. మధ్యాహ్నం చూస్తే నీరు ముడికి నాలుగు వేళ్ళ పైన ఉంది. వాన పడలేదు. బయట సముద్రం పోటు మీద ఉంది. పోటుకు సముద్రం లేస్తే, దానిమీద తేలుతున్న మంచినీటి కటకం పడవలా తానూ లేస్తుంది. కాస్త ఆలస్యంగా, కాస్త తక్కువగా. ఇన్నేళ్ళు నల్లబల్ల మీద గీసిన బొమ్మ కళ్ళముందు ఊపిరి పీల్చినట్లనిపించింది.

ఇప్పుడు ఆ ఒకటికి నలభై లెక్కను తలకిందులు చేయండి. మోటారు పెట్టి నీటి మట్టాన్ని పది సెంటీమీటర్లు దించారనుకోండి. అడుగున ఉప్పునీరు నాలుగు మీటర్లు పైకి రావాలి! వెంటనే రాదు, కాని వస్తుంది. మాలెలో జరిగింది ఇదే. జనం పెరిగారు, మోటార్లు పెరిగాయి, నేలంతా సిమెంటు కప్పారు, మరుగుదొడ్ల మురుగు ఇంకింది. ఆ దీవి కటకం తాగడానికి పనికిరాకుండా పోయింది. ఇప్పుడు మాలె తాగేది యంత్రాలు సముద్రపు నీటిని సన్నని పొరల గుండా గట్టి ఒత్తిడితో నెట్టి ఉప్పు వడకట్టిన నీరు. ద్రవాభిసరణం మీరు చదివారు. ఇది దానికి వ్యతిరేక దిశలో జరిపించేది. సముద్రపు నీటికి యాభై వాతావరణాలకు పైగా ఒత్తిడి కావాలి. ఒక ఘనపు మీటరు నీటికి మూడు నాలుగు యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. ఆ కరెంటులో ఎక్కువ భాగం డీజిలుతో తీస్తారు. డీజిలు ఓడల్లో వస్తుంది. కుళాయి తిప్పితే వచ్చేది ఒక విధంగా చమురే.

2014 డిసెంబరు 4న మాలెలోని ఆ నీటి కర్మాగారంలో మంట లేచింది. లక్షమందికి పైగా జనానికి కుళాయి ఆగిపోయింది. చుట్టూ మహాసముద్రం, తాగడానికి చుక్క లేదు. మన వైమానిక దళం విమానాలు నీళ్ళ సీసాలు మోసుకెళ్ళాయి. నౌకాదళపు సుకన్య, దీపక్ ఓడలు వెళ్ళాయి. పాత బావులు బాగుండి ఉంటే ఆ వారం ఎలా గడిచేదో అని మా శిష్యుడి ఇంటి యజమాని, డెబ్బై ఏళ్ళ జాలరి, నాతో అన్నాడు. చిన్నప్పుడు మాలె వెళితే ఆయన అక్కడి బావినీళ్ళే తాగేవాడట.

మునుగుతాయా?

"మాల్దీవులు మునిగిపోతున్నాయి" అని పత్రికల్లో తరచు చూస్తుంటాం. 2009 అక్టోబరులో ఆ దేశపు మంత్రులు ఈత దుస్తులు వేసుకుని సముద్రం అడుగున సమావేశం జరిపి లోకాన్ని ఆకర్షించారు. భయం నిజమైనదే. 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. ఇటీవలి వేగం ఏడాదికి సుమారు 3.7 మిల్లీమీటర్లు. ఒకటిన్నర మీటర్ల దేశానికి ఇది చిన్న సంగతి కాదు. 1987 ఏప్రిల్‌లో దూరాన దక్షిణ సముద్రాల్లో పుట్టిన అలలు మాలెను ముంచెత్తాయి. తరువాత జపాను సాయంతో నాలుగు కాళ్ళ సిమెంటు దిమ్మెలు పేర్చి ఊరిచుట్టూ గోడ కట్టారు. ఇప్పటికీ ఆ దిమ్మెల మీద కూర్చుని పిల్లలు గాలం వేస్తుంటారు.

కాని "మునగడం" అన్న మాట నాకు అంతగా నచ్చదు. పాత విమాన ఛాయాచిత్రాలతో పోల్చి చూసిన పరిశోధకులకు చాలా పగడపు దీవులు కొన్ని దశాబ్దాలుగా చిక్కలేదనీ, కొన్ని పెరిగాయనీ కూడా తేలింది. అలలు ఒక ఒడ్డు తింటాయి, ఇంకో ఒడ్డున పోస్తాయి. దిబ్బ మీద పగడాలు, చిలుక చేపలు బతికున్నంత కాలం కొత్త ఇసుక వస్తూనే ఉంటుంది. మరి పగడాలు బతికున్నాయా? పగడపు జీవి ఒంట్లో సూక్ష్మమైన శైవలాలు ఉండి దానికి ఆహారం వండిపెడతాయి, రంగూ వాటిదే. నీరు మామూలు వేసవి వేడి కన్నా ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు అలాగే ఉంటే, జీవి ఆ శైవలాలను బయటికి గెంటేసి తెల్లగా పాలిపోతుంది. త్వరగా చల్లబడకపోతే ఆకలితో చస్తుంది. 1998లో మాల్దీవుల్లో లోతు తక్కువ చోట్ల కొన్ని దిబ్బల మీద నూటికి తొంభై పగడాలు ఇలా పోయాయి. కోలుకుంటుండగా 2016లో మళ్ళీ. నేను వెళ్ళిన 2024లోనూ ప్రపంచమంతటా అదే బెడద. మోకాలి లోతు నీళ్ళలో, నీళ్ళు గోరువెచ్చగా కాలికి తగులుతుండగా, ఎముకల పోగులా తెల్లబడిన పగడాల మధ్య నడిచాను. వాటి మీద చేపలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

నేల పోవడానికి ముందే పోయేది మంచినీరు. నా యాత్రలో నేను నేర్చుకున్న ముఖ్యమైన సంగతి ఇదే. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, దీవుల చుట్టూ లోతు ఎక్కువ గనుక అల తీరదేశాల్లో లేచినంత ఎత్తు లేవలేదు. అయినా ఎనభైమందికి పైగా చనిపోయారు. అల చాలా దీవుల మీదుగా ఒక వైపు నుంచి మరో వైపుకు పొర్లిపోయింది. గంటలో నీరు వెళ్ళిపోయింది, ఉప్పు మాత్రం ఇసుకలోకి దిగి బావుల్లో ఉండిపోయింది. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల లవణాలుంటాయి. నలభై బిందెల మంచినీటిలో ఒక్క బిందెడు సముద్రపు నీరు కలిపితే లీటరుకు 0.85 గ్రాములు అవుతుంది. తాగునీటిలో అర గ్రాము మించకపోవడం మంచిదని మన దేశపు ప్రమాణం. వానలు ఆ ఉప్పును కడగడానికి నెలల తరబడి పట్టింది. అందుకే ఇప్పుడు ఇంటింటికీ వాననీటి తొట్టి ఉంది. కప్పు మీద పడిన చినుకు గొట్టంలో దిగి అందులో చేరుతుంది. బావి నీళ్ళు స్నానానికి, చాకిరీకి.

ఇక లెక్క వేసుకోండి. సముద్రమట్టం పెరుగుతున్నకొద్దీ పెద్ద అలలు దీవి మీదికి పొర్లడం తరచవుతుంది. ఏటా ఒకసారి అలా పొర్లితే, ముందటి ఉప్పును వాన కడిగేలోపే కొత్త ఉప్పు దిగుతుంది. 2018లో అమెరికా శాస్త్రవేత్తలు పసిఫిక్‌లోని మార్షల్ దీవుల్లో ఒకదాన్ని పరిశీలించి, ఆ పరిస్థితి ఈ శతాబ్దం నడుమకే రావచ్చునని అంచనా వేశారు. ఇళ్ళు నిలిచే ఉంటాయి, కొబ్బరిచెట్లు కొన్నాళ్ళు నిలబడే ఉంటాయి. బావి మాత్రం పోతుంది.

శిష్యుడి బడిలో ఎనిమిదో తరగతి పిల్లలు నెలకోసారి ఊరి బావుల ఉప్పదనం కొలుస్తున్నారు. విద్యుత్తు ప్రవహించే తీరును బట్టి ఉప్పు చెప్పే కలంలాంటి పరికరం ఒకటుంది. దాని అంకెలను గ్రాఫు కాగితం మీద గీసి గోడకు అంటించారు. వానల నెలల్లో గీత దిగుతుంది, ఎండల్లో ఎక్కుతుంది. మే నెల చుక్క నాచేత పెట్టించారు. ఎంత మందికి బావి చూపించారు, ఏ బావి ముందు చెడుతోంది అని అడిగితే, మోటారు ఉన్న రెండు ఇళ్ళ బావులని ఒక పిల్ల తడుముకోకుండా చెప్పింది.

వచ్చేటప్పుడు ఆ జాలరి నాకు గుప్పెడు పసుపుపచ్చ గవ్వలు ఇచ్చాడు. మీరు అష్టాచెమ్మా ఆడే గవ్వలే. ఒకప్పుడు ఈ దీవుల నుంచి గవ్వలు ఓడల్లో బెంగాలుకు వెళ్ళి అక్కడ చిల్లర డబ్బుగా చెల్లేవి. బదులుగా బియ్యం వచ్చేవి. 1343లో ఇక్కడికి వచ్చి కొంతకాలం న్యాయాధికారిగా పనిచేసిన ఇబ్న్ బతూతా ఆ గవ్వల వ్యాపారం గురించి రాశాడు. "చిల్లిగవ్వ లేదు" అని మనం అనుకునేటప్పుడు అదీ ఒక జీవి కట్టుకున్న కాల్షియం కార్బొనేటే సుమండీ.

సముద్రం ఒడ్డున ఉన్న విద్యార్థులకు ఒక మాట. ఈ కటకం మాల్దీవుల సొత్తు కాదు. కోనసీమలో, బందరు వైపు, చీరాల ఇసుకదిబ్బల్లో చెలమ తీస్తే అలలకు కూతవేటు దూరంలోనే తీపి నీరు ఊరుతుంది. అదీ ఉప్పునీటి మీద తేలుతున్న వాననీరే. చేపల చెరువులకూ, రొయ్యల చెరువులకూ బోర్లు వేసి తోడిన ఊళ్ళలో బావులు ఉప్పబడ్డాయని మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెబుతుంటే వినే ఉంటారు. ఏ ఏడు నుంచి అని అడిగి రాసుకోండి. మీ బావిలో దారానికి ముడివేసి పోటుకూ పాటుకూ చూడండి.

సముద్రానికి దూరంగా ఉన్నవాళ్ళు ఒక గాజు గ్లాసు తీసుకోండి. పావు లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు కరిగించి గ్లాసు సగం దాకా పోయండి. వేరే నీళ్ళలో రెండు చుక్కల సిరా కలిపి, ఉప్పునీటి మీద చెంచా ఆనించి, చెంచా మీదుగా చుక్కచుక్కగా పోయండి. రంగు నీరు పైన పొరగా నిలుస్తుంది. ఇప్పుడు డ్రాపరు మొన రంగు పొరలోనే ఉంచి మెల్లగా తోడండి. ఇంకోసారి మొదలుపెట్టి గబగబా తోడండి. నోటితో పీల్చకండి, సిరా. రెండుసార్లూ, రంగు పొర ఎంత మందం మిగిలి ఉండగా తెల్లటి ఉప్పునీరు డ్రాపరులోకి వచ్చిందో కొలిచి రాసిపెట్టుకోండి.